పన్నెండేళ్ల డెస్క్‌టాప్ స్థానంలో కొత్తది: గాజువాక డీటీపీ దుకాణానికి నా సలహా

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. గాజువాకలోని మీ డీటీపీ దుకాణంలో 2014లో కొన్న కంప్యూటరు ఉంది: నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్కు. శుభలేఖలు, కరపత్రాలు ఎలాగో సాగుతున్నాయి గాని, ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ తెరిస్తే యంత్రం బిగుసుకుపోతోంది. కంప్యూటర్లు అమ్మే దుకాణంవారు ఐ7 ప్రాసెసరు, దానికి తోడు జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు తీసుకోమన్నారు. పాతదానికే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) వేయించుకుంటే సరిపోతుందా, కొంటే సికింద్రాబాదు వెళ్లి కొనాలా, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లు, ట్యాలీ లెక్కలు కొత్తదానిలోకి ఎలా తీసుకురావాలి అన్నవి మీ ప్రశ్నలు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. కొత్తది కొనండి. ఐ7 అక్కరలేదు, ఆ గ్రాఫిక్స్ కార్డు అసలే అక్కరలేదు. అక్కడ మిగిలే డబ్బును ర్యామ్ మీద, మంచి ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల భాగాలకు కరెంటు అందించే పెట్టె) మీద, యూపీఎస్ మీద, బ్యాకప్ డిస్కు మీద పెట్టండి. పాత యంత్రాన్ని మాత్రం వెంటనే ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేయవద్దు. విశాఖ నగరంలో చాలా ఏళ్లుగా దుకాణాల కంప్యూటర్లు విప్పి బిగించే పనిలో ఉన్నవాడిగా ఒక మాట గట్టిగా చెప్పగలను: కొత్త పెట్టె కొనడం సగం పని మాత్రమే, మీ దుకాణం పని అందులోకి చెక్కుచెదరకుండా మారడం మిగతా సగం. నష్టపోయేవారిలో ఎక్కువమంది రెండో సగంలోనే నష్టపోతారు.

మొదట యంత్రం ఎక్కడ ఆగుతోందో చూడాలి. ఫ్లెక్సీ ఫైలు తెరిచి, అది బిగుసుకున్న సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అక్కడ ప్రాసెసరు వాడకం సగం కూడా ఉండదు, మెమరీ దాదాపు నిండిపోయి ఉంటుంది, డిస్కు 100 శాతం దగ్గర నిలబడి ఉంటుంది. కారణం లెక్క వేసి చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున మొదలుపెట్టారనుకోండి. 240 అంగుళాలకు 17,280 పిక్సెళ్లు, 120 అంగుళాలకు 8,640 పిక్సెళ్లు. రెండూ గుణిస్తే దాదాపు 14 కోట్ల 93 లక్షలు. అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి కాబట్టి, ఫ్లెక్సీ నిండా పరిచిన లేయరు (పొర) ఒక్కటే దాదాపు 600 ఎంబీ అవుతుంది. వెనక రంగు ఒక లేయరు, దానిపైన వెలుగు కిరణాలు ఒక లేయరు, పూల అంచు మరొకటి, ఆపైన అరడజను ఫొటోలు, వెనక్కి తీసుకోవడానికి ఫొటోషాప్ దాచుకునే హిస్టరీ దశలు: ఇవన్నీ కలిస్తే, విండోస్ తన వాటా తీసుకోగా మిగిలే రెండు జీబీల చిల్లరలో పట్టవు. పట్టనిదాన్ని ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కు పేరుతో మీ హార్డ్‌డిస్కు మీదకు తోస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క చదవాల్సి వచ్చినప్పుడు ఆ ఆలస్యమంతా పోగై మీ ముందు బిగుసుకున్న తెరగా కనిపిస్తుంది. ఇందులో ప్రాసెసరు తప్పు చాలా తక్కువ. ఐ7 పెట్టి ర్యామ్ 8 జీబీతో సరిపెడితే ఇదే ఇబ్బంది మళ్లీ వస్తుంది.

అలాంటప్పుడు పాతదానికే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలు కదా అన్న మీ ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో పిల్లల చదువుకో, ఉత్తరాలు టైపు చేసుకోవడానికో వాడే యంత్రమైతే నేనూ అదే చెప్పేవాడిని. సాటా ఎస్‌ఎస్‌డీ వేసిన నాలుగో తరం యంత్రం ఇప్పటికీ చురుకుగా లేస్తుంది. మీ విషయంలో వద్దనడానికి కారణాలున్నాయి. హెచ్81 బోర్డులో ర్యామ్ గడులు రెండే, మొత్తం 16 జీబీకి మించి ఎక్కదు, అది కూడా డీడీఆర్3 రకం. ఇప్పుడు దొరికేది చాలావరకు సెకండ్‌హ్యాండ్ సరుకు, అది రేపటి బోర్డుకు పనికిరాదు. అంతకంటే పెద్ద సంగతి విండోస్. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది, నమోదు చేసుకున్న సాధారణ వాడకందార్లకు ఇచ్చే పొడిగింపు కూడా 2026 అక్టోబరు 13 వరకే. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో ఉన్న యంత్రాలనే మైక్రోసాఫ్ట్ అధికారికంగా అంగీకరిస్తుంది. ఆ తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయాలు ఉన్నాయని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. వాటిని దుకాణంలో వాడవద్దు, ఎందుకంటే అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ లేదు. మీ దగ్గరికి రోజూ జనం ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కుల కాపీలు వాట్సాప్‌లో పంపి ప్రింటు తీయమంటారు. మిమ్మల్ని నమ్మి ఇచ్చే ఆ కాగితాలు భద్రత ఆగిపోయిన యంత్రంలోకి రావడం సరికాదు.

మూడో కారణం మన విశాఖ గాలి. కరెంటు తీసేసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, వెలుతురులో చూడండి. వెనక పోర్టుల చుట్టూ ఉన్న పలుచని రేకు మీద తుప్పు చుక్కలు కనిపిస్తాయి. ర్యామ్ కడ్డీ బయటికి తీస్తే బంగారు రంగులో ఉండవలసిన అంచు మసకబారి ఉంటుంది. ఫ్యాను రెక్కల మీద పట్టిన నల్లటి దుమ్మును వేలితో తుడిస్తే పొడిగా రాలదు, జిడ్డుగా సాగుతుంది. ఉప్పు తేమ, పోర్టు, పరిశ్రమల వైపు నుంచి వచ్చే దుమ్ము కలిసి చేసే పని అది. ర్యామ్ అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, మెకానిక్కులందరం చేసేది అదే. కెపాసిటర్ల నెత్తి చదునుగా కాకుండా ఉబ్బి ఉంటే మాత్రం ఆ బోర్డు మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. పన్నెండేళ్ల బోర్డు మీద ఆధారపడి పెళ్లిళ్ల సీజనులోకి అడుగుపెట్టడం మీ వ్యాపారానికి మంచిది కాదు.

ఇక ఏం కొనాలి. ప్రాసెసరు విషయంలో ఐ3, ఐ5, ఐ7 అన్న పేరుకంటే దాని తరం చూడాలి. రెండో తరం, మూడో తరం ఐ7 ప్రాసెసర్లను ఊరూపేరూ లేని బోర్డుల మీద బిగించి, వెలిగే ఫ్యాన్లు పెట్టి, చవకగా ఐ7 కంప్యూటరు అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లవద్దు. మీ పనికి పన్నెండో తరం ఐ5-12400 హాయిగా సరిపోతుంది. అందులో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్నాయి, మీ పాతదానిలో కోర్లు నాలుగే. ఒక జాగ్రత్త: సంఖ్య చివర ఎఫ్ అన్న అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనక తప్పదు. ఎఫ్ లేనిదే అడగండి. ఏఎండీ వైపు వెళ్లదలిస్తే రైజెన్ 5 5600జీ దీనికి సమవుజ్జీ. జీటీ 710 చాలా పాత కార్డు. ఈ ప్రాసెసర్లలోనే ఉన్న గ్రాఫిక్స్ దానికంటే మెరుగు. వీడియో ఎడిటింగు పెద్దయెత్తున మొదలుపెట్టినప్పుడు కార్డు సంగతి ఆలోచించవచ్చు, దాని కోసం బోర్డులో గడి ఎలాగూ ఉంటుంది.

ర్యామ్ 16 జీబీకి తగ్గవద్దు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ప్రపంచమంతటా మెమరీ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ఒకేసారి 32 జీబీ పెట్టమని ఒత్తిడి చేయను. అయితే 8 జీబీ కడ్డీలు రెండు కాకుండా 16 జీబీ కడ్డీ ఒక్కటే తీసుకోండి. రెండు కడ్డీలుంటే గ్రాఫిక్స్ కొంచెం చురుకుగా ఉండే మాట నిజమే. కానీ చవక బోర్డుల్లో గడులు రెండే ఉంటాయి, రెండూ నింపేస్తే రేపు పెంచుకోవాలంటే ఉన్నవి తీసి పారేయాలి. బోర్డు డీడీఆర్4 రకమా, డీడీఆర్5 రకమా అన్నది కొటేషనులో రాయించుకోండి, ఒకదాని కడ్డీ రెండోదానిలో ఎక్కదు. విండోస్, సాఫ్ట్‌వేర్లు, నడుస్తున్న పనులు, స్క్రాచ్ డిస్కు అన్నిటికీ 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీదే నేరుగా బిగించే వేగమైన రకం) ఒకటి చాలు. మీ దగ్గరున్నలాంటి హార్డ్‌డిస్కు వరుసగా చదివేటప్పుడు సెకనుకు 200 ఎంబీ దాటడం అరుదు. ఈ ఎస్‌ఎస్‌డీ పాత పీసీఐఈ మూడో తరం రకానిదైనా 3,000 ఎంబీ దాకా ఇస్తుంది. పాత మానిటరు బాగుంటే ఉంచుకోండి, కాని దానికి వీజీఏ పోర్టు మాత్రమే ఉంటే కొత్త బోర్డులో ఆ పోర్టు ఉందో లేదో ముందే చూడండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, మన ఊళ్లో యంత్రాలు ఎక్కువగా చనిపోయేది ఇక్కడే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంటుంది. అందులో ఉండవలసిన కాయిల్సు, ఫిల్టర్లు ఉండవు. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ విడిగా కొనండి. ఐ5-12400 గరిష్ఠంగా తీసుకునేది 117 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు లేని మీ యంత్రం మొత్తం కలిపినా 200 వాట్లు దాటదు, కాబట్టి అంతకంటే పెద్దది వృథా. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు మోస్తుంది. కంప్యూటరుకు, మానిటరుకు అది సరిపోతుంది. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్‌కు తగిలించవద్దు. ప్రింటరు లోపల సిరాపొడిని కాగితానికి అతికించే ఫ్యూజరు వేడెక్కే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ కుప్పకూలుతుంది, దానితో పాటు మీరు సేవ్ చేయని ఫ్లెక్సీ కూడా పోతుంది.

క్యాబినెట్ వెనక రేకును ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతోందా? అలా ఉంటే మీ ప్లగ్గులో ఎర్తింగ్ లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు భూమిలోకి పంపవలసిన స్వల్ప లీకేజీ కరెంటు, దారి లేక రేకు మీదే నిలుస్తుంది. ప్రింటరు కేబులు పెట్టేటప్పుడు యూఎస్‌బీ పోర్టులు కాలిపోవడానికి ఇదొక కారణం. కొత్త యంత్రం పెట్టకముందే ఎలక్ట్రీషియనుతో ఎర్తింగ్ చూపించండి. సముద్రతీరపు నేలలో ఎర్తింగ్ కడ్డీ తుప్పు తినేస్తుంది కాబట్టి, దుకాణం కట్టినప్పుడు బాగానే ఉండింది అన్న భరోసా చాలదు.

ఎక్కడ కొనాలన్న విషయంలో నా మొగ్గు మన విశాఖలోని ద్వారకానగర్ వైపే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో సరుకు ఎక్కువ, బేరానికి వీలు ఎక్కువ, నిజమే. కాని ఒక్క ర్యామ్ కడ్డీ పాడైతే వారంటీ కోసం మళ్లీ రాత్రి రైలెక్కాలి, ఈలోగా దుకాణం మూతపడుతుంది. ఇక్కడే రెండు, మూడు చోట్ల కొటేషను రాయించుకొని, ప్రతి వస్తువుకు మోడల్ నంబరు, వారంటీ కాలం విడివిడిగా వేయించండి. ప్రాసెసరు పెట్టెతో సహా ఇచ్చేదే తీసుకోండి, దానికి మూడేళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రే సరుకు అంటూ విడిగా ఇచ్చేదానికి ఆ హామీ ఉండదు. మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషను ఉంటే బిల్లులో మీ జీఎస్‌టీ నంబరు వేయించండి. కంప్యూటరు భాగాల మీద 18 శాతం పన్ను ఉంది. కాంపోజిషను పథకంలో లేకపోతే, వ్యాపారానికి కొన్న యంత్రం మీద కట్టిన ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోవచ్చు. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాట అప్పుడు లాభం కాదు.

ఇప్పుడు తరలింపు. పాత డిస్కును ఉన్నదున్నట్టు తీసి కొత్త యంత్రానికి తగిలిస్తే అలాగే లేస్తుందని అనుకోవద్దు; పాత విండోస్, లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఎక్కించి ఉంటుంది, కొత్త బోర్డులు యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో లేస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11ను శుభ్రంగా కొత్తగా ఎక్కించడమే మేలు. యంత్రంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి, కొత్త లైసెన్సు ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

మొదటి పని బ్యాకప్. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కొని, పాతదానిలోని పనులన్నీ దానిలోకి కాపీ చేయండి. కాపీ మొదలుపెట్టకముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పాత డిస్కు ఆరోగ్యం చూడండి. అక్కడ పసుపు రంగులో హెచ్చరిక కనిపిస్తే, ఇక డిస్కును ఇతర పనులకు వాడకుండా ముఖ్యమైన ఫోల్డర్లను ముందుగా తీసేసుకోండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో పడి ఉన్నవాటిని మరవకండి, డీటీపీ దుకాణాల్లో సగం పనులు అక్కడే ఉంటాయి.

మీకు అన్నిటికంటే ప్రమాదమున్నది తెలుగు ఫైళ్ల దగ్గర. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లు, అన్ని యంత్రాలూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందుకని విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరును పూర్తిగా, ఒక్క ఫాంటూ వదలకుండా కాపీ చేసుకోండి. అను స్క్రిప్ట్ మేనేజరు అసలు సీడీ, లైసెన్సు వివరాలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే కొత్త యంత్రం ఆర్డరు ఇవ్వకముందే అమ్మినవారితో మాట్లాడండి. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో, ఆ తరువాత అడోబీ దానికి పెద్ద కొత్త వెర్షను తేలేదు. విండోస్ 11 కేవలం 64 బిట్ రకంలోనే వస్తుంది, దానిలో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. మీ దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్లలో ఏదైనా అంతకాలం నాటి ఇన్‌స్టాలరుతో ఉంటే అది మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. ప్రింటర్లకు కూడా 64 బిట్ డ్రైవరు ఉందో లేదో కంపెనీ సైటులో ముందే చూడండి.

కాబట్టి పాత యంత్రం పని చేస్తుండగానే, మళ్లీ మళ్లీ అడిగే శుభలేఖలు, లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాల ఫైళ్లన్నీ తెరిచి, ఫాంట్లు లోపల చేరేటట్లు ఒక్కొక్కటి పీడీఎఫ్ చేసి ఉంచుకోండి. ఇది విసుగు పుట్టించే పనే, కాని రేపు పేజ్‌మేకర్ మొరాయించినా ఆ పీడీఎఫ్‌తో ప్రింటు తీసి ఇవ్వగలరు. అంతేకాక, కొత్త యంత్రంలో ఫైలు తెరిచినప్పుడు పంక్తి జరిగిందా, ఒత్తు అక్షరం ఎక్కడైనా ఊడిందా అని ఆ పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని పోల్చుకోవచ్చు. క్ష, జ్ఞ, స్త్రీ వంటివి ఉన్న పంక్తులను, పెళ్లికూతురి, పెళ్లికొడుకు పేర్లను ప్రత్యేకంగా చూడండి.

ట్యాలీకి వేరే క్రమం ఉంది. మొదట ట్యాలీలోనే బ్యాకప్ తీయండి, దానితో పాటు డేటా ఫోల్డరును కూడా విడిగా కాపీ చేయండి. ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) ఒకటి ప్రింటు తీసి పెట్టుకోండి. తరువాత పాత యంత్రంలో లైసెన్సును సరెండర్ చేస్తేనే (ట్యాలీకి తిరిగి అప్పగిస్తేనే) కొత్తదానిలో యాక్టివేట్ చేయడం సాఫీగా జరుగుతుంది. సరెండర్ చేయకుండా పాతదాన్ని ఫార్మాట్ చేసి తరువాత అవస్థ పడినవారు ఉన్నారు. కొత్తదానిలో డేటా ఎక్కించాక ట్రయల్ బ్యాలెన్స్ తెరిచి, ఆ కాగితంతో ప్రతి మొత్తమూ సరిచూడండి. డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే దాని డ్రైవరు కూడా మళ్లీ ఎక్కించాలి, ఆ పనిని రిటర్ను గడువు రోజుకు అట్టేపెట్టవద్దు.

రెండు యంత్రాలనూ కనీసం ఒక నెల పక్కపక్కన నడపండి. కొత్త పనులన్నీ కొత్తదానిలో మొదలుపెట్టండి, ఏదైనా పాత ఫైలు మొరాయించినప్పుడు మాత్రమే పాతదాని దగ్గరికి వెళ్లండి. ఆ తరువాత పాతదానికి ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, పేజ్‌మేకర్ కోసం మాత్రమే ఉంచుకోవచ్చు; అప్పుడు విండోస్ 10 భద్రత ఆగిపోయిన బెంగ చాలావరకు తగ్గుతుంది. అటూ ఇటూ తిరిగే పెన్‌డ్రైవును మాత్రం ప్రతిసారి కొత్త యంత్రంలో యాంటీవైరస్‌తో చూడాలి.

బ్యాకప్ డిస్కును దుకాణంలో ఉంచవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పుడు రేకుల దుకాణాలు ఎలా లేచిపోయాయో మీరూ చూసే ఉంటారు. కంప్యూటరూ దాని పక్కనే ఉన్న బ్యాకప్పూ ఒకే నీళ్లలో తడిస్తే ఆ బ్యాకప్ ఎందుకూ కొరగాదు. వారానికోసారి కాపీ తీసి ఇంటికి తీసుకెళ్లి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

ఎప్పటికైనా పాతదాన్ని వదిలించుకునే రోజు వస్తే, హార్డ్‌డిస్కు విప్పి మీ దగ్గరే ఉంచుకొని మిగతాది ఇవ్వండి. మామూలు క్విక్ ఫార్మాట్‌తో ఫైళ్లు చెరిగిపోవు, ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే వాటిని తిరిగి రాబట్టవచ్చు. పన్నెండేళ్లుగా మీ దగ్గర ప్రింటు తీయించుకున్నవారి ఆధార్ కాపీలు అందులో ఉన్నాయి. మిగిలిన బోర్డు, ఎస్‌ఎంపీఎస్ వంటివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లకు చేరాలి, పాత ఇనుము బండికి కాదు. కొటేషన్లు చేతికి వచ్చాక మోడల్ నంబర్లతో సహా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.